ఐసు ఫ్యాక్టరీలో తీసిన సినిమా

మా నాన్న పెళ్లిళ్లకి వీడియో తీసేవారు. నరసాపురంలో రైల్వే స్టేషన్‌కి వెళ్లే దారిలో మా స్టూడియో, దాని వెనకాలే మా ఇల్లు. భుజం మీద పెట్టుకుని తీసే పెద్ద కెమెరా ఒకటి ఉండేది మాకు. దాని కంటి దగ్గర కన్ను ఆనించి చూస్తే లోపల అంతా తెలుపూ నలుపే. పెళ్లికూతురి చీర ఎరుపో పచ్చో టేపు టీవీలో వేసుకుని చూసేదాకా తెలిసేది కాదు. నేను ఇంటర్లో ఉన్నప్పటి నుంచే ఆయన వెంట వెళ్లేదాన్ని. పెళ్లికూతుర్ని చేసే గదిలో, ఆడవాళ్లు మాత్రమే ఉండే చోట్ల, కెమెరా నా భుజం మీదికి వచ్చేది.

నాన్న నాకు మొట్టమొదట నేర్పింది ఆపకుండా తీయడం. ఏం జరిగినా తీస్తూనే ఉండాలి, బాగోనిది తర్వాత కత్తిరించుకోవచ్చు, తీయనిది మాత్రం ఎక్కణ్ణుంచీ తేలేం అనేవారు. ఒక పెళ్లిలో పెళ్లికూతురి మేనత్త మంటపం పక్కనే కళ్లు తిరిగి పడిపోయింది. అందరూ పరిగెత్తారు. నేను కదలకుండా నిలబడి, ఆవిడకి నీళ్లు పట్టడం, ఆవిడ కళ్లు తెరవడం, అంతా తీశాను. ఆ రోజు నాన్న ఇంటికొచ్చి అమ్మతో, దీనికి పని వచ్చేసిందే అన్నారు. చాలా సంతోషపడ్డాను.

అన్నయ్య నాకంటే రెండేళ్లు పెద్ద. రోజూ పాసింజరు బండిలో భీమవరం వెళ్లి ఇంజనీరింగ్ చదివేవాడు. చదివేవాడు అని ఇంట్లో అనుకునేవాళ్లం. నిజానికి బస్టాండు వెనక ఒక వీడియో గేమ్స్ షాపులో సగం రోజు గడిపేవాడు. తర్వాత ఎవరి దగ్గరో పాత గేమ్ పెట్టె ఒకటి సంపాదించి స్టూడియో టీవీకి తగిలించాడు. వాడికి పిచ్చిపట్టింది ఒకే ఒక్క ఆట. ఇద్దరు యోధులు ఎదురెదురుగా నిలబడి కొట్టుకుంటారు, అంతే. ఒకదాని తర్వాత ఒకటి ఆ ఆటకి చాలా భాగాలు వచ్చాయి. ప్రతి భాగంలో కొత్త మనుషులు, కొత్త చోట్లు, ఇంకొంచెం ఎక్కువ రక్తం. నేనూ ఆడేదాన్ని. మధ్యాహ్నాలు స్టూడియోకి ఎవరూ రానప్పుడు ఇద్దరం బొటనవేళ్లు నొప్పి పుట్టేదాకా ఆడేవాళ్లం.

ఇది రెండువేల మూడో సంవత్సరమో నాలుగో సంవత్సరమో. ఆషాఢం వచ్చింది. పెళ్లిళ్లు లేవు, కెమెరా సంచీలో ఖాళీగా పడుంది. ఆ ఆటని సినిమాగా తీద్దాం అన్నాడు అన్నయ్య. వాడి బుర్రలో కథ అప్పటికే ఉంది. ఆటలో ఉన్న దీవులూ గుళ్లూ మంత్రాలూ ఏమీ ఉండవు. పోటీ అంతా ముగిసిపోయింది. అందరినీ చంపినవాడు ఒక్కడు, ముసుగు వేసుకుని, మూతబడిన ఒక ఫ్యాక్టరీలో కూర్చుని ఉన్నాడు. వాణ్ణి వెతుక్కుంటూ చివరివాడు వస్తాడు.

"ఆటలో చచ్చినవాడు రౌండు మొదలవగానే లేచి నిలబడతాడు చూడు, అదే అబద్ధం," అన్నాడు. "మన దాంట్లో పడ్డవాడు లేవడు."

నిజంగానే బాగుంది ఆ ఆలోచన. నేనే ఒప్పుకున్నాను, ఎవరూ బలవంతపెట్టలేదు.

చివరివాడి వేషం అన్నయ్యది. ముసుగువాడుగా వేసింది అన్నయ్య క్లాసులో చదివే స్నేహితుడు. భీమవరం దగ్గర ఊళ్లో రొయ్యల చెరువులున్న కుటుంబం. వాళ్లింట్లో చంటిపిల్లల్ని కూడా మీరు అనే పిలుస్తారు. ఆ అలవాటు కొద్దీ అతను అన్నయ్యనీ మీరు అనేవాడు, నన్నూ మీరు అనేవాడు, మా వీధి కుక్కని కూడా పక్కకి జరగండి అంటాడని అన్నయ్య ఎగతాళి చేసేవాడు. ఎత్తుగా, భుజాలు వెడల్పుగా ఉండేవాడు. ఎక్కడికొచ్చినా తన ఒళ్లు అడ్డమేమో అన్నట్టు కొంచెం వంగి నడిచేవాడు. నాకు అతనంటే ఇష్టంగా ఉండేది. ఇప్పుడు చెప్పుకోడానికి అభ్యంతరం ఏమీ లేదు.

మేం సినిమా తీసిన ఐసు ఫ్యాక్టరీ వాళ్లదే. రొయ్యకి తెల్లమచ్చ తెగులు తగిలి వరసగా పంటలు పోయాక అది మూతబడింది. అతని తండ్రి చెరువులు కౌలుకి ఇచ్చేసి ఇంట్లో కూర్చున్నాడు. "మా నాన్నగారు మాట్లాట్టం మానేశారండి," అని ఒకసారి నాతో అన్నాడు. ఎప్పటి నుంచి అని అడిగాను. రెండేళ్లు దాటిందన్నాడు, ఏదో వాన పడి రెండ్రోజులయిందన్నట్టు.

మొదటిసారి ఆ ఫ్యాక్టరీలో అడుగుపెట్టినప్పుడు పదకొండు గంటలయి ఉంటుంది. బయట మబ్బు. చుట్టూ చెరువులు, వాటిలో నీళ్లని గిలక్కొట్టే చక్రాలు కొన్ని తిరుగుతున్నాయి, కొన్ని ఆగిపోయి ఉన్నాయి. లోపల చీకటి కాదు, వెలుతురూ కాదు. రేకుల్లో కన్నాలున్న చోట మాత్రం నేల మీద తెల్లటి మచ్చలు. గోడల వెంట తుప్పుపట్టిన గొట్టాలు. ముక్కులో సూదితో పొడిచినట్టు సన్నటి వాసన. అమ్మోనియా ఎప్పుడో తీసేశారు, వాసన మాత్రం పోలేదన్నాడు కాపలా తాత. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో అక్కడే పనిచేసినవాడాయన, ఇప్పుడు తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది.

మధ్యలో హాలంత పొడుగున ఒక తొట్టి, దానిమీద వరసగా చెక్క మూతలు పరిచి ఉన్నాయి. చూడ్డానికి వేదికలా ఉంది. కింద ఉప్పునీళ్లలో ఇనప డబ్బాలు దింపి, వాటిలో మంచినీళ్లు పోసి ఐసు దిమ్మలు కట్టేవారట. నీళ్లు కొన్ని ఇంకా ఉన్నాయి. అన్నయ్య ఒక మూత ఎత్తి చూశాడు. నల్లటి నీళ్లు, డబ్బాల అంచులు, పైన నూనె పొర.

"వీటిమీద మాత్రం ఎక్కకండి బాబూ," అన్నాడు తాత. "పైకి బాగానే ఉంటయ్యి. కింద పుచ్చిపోయినయ్యి."

అన్నయ్య సరే అన్నాడు. అంటూనే కాలితో ఒక మూతని నొక్కి చూశాడు.

ఆ రోజు తీసింది ఇంటికొచ్చి టీవీలో వేసుకుంటే నవ్వొచ్చింది. గుద్దు ఒక చోట, తల తిప్పడం ఇంకో చోట. స్కూలు వార్షికోత్సవంలో కోలాటంలా ఉంది. అన్నయ్య నవ్వలేదు. టేపు ఆపేశాడు. మొహం మీద కాకపోయినా ఒంటిమీదన్నా నిజంగా తగలాలి అన్నాడు. తగిలితేనే మనిషి కదిలే తీరు మారుతుందన్నాడు. తప్పనిపించలేదు నాకు. కెమెరా పట్టుకున్నదాన్ని కాబట్టి నాకూ తెలుసు, తగలని దెబ్బ ఎంత దగ్గర్నుంచి తీసినా తగిలినట్టు ఉండదు.

ముసుగు నేను చేశాను. మా అమ్మ లేసు అల్లేది. మా వీధిలో సగం మంది ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని దారపు ఉండలు ఒళ్లో పెట్టుకుని అదే పని చేసేవారు. టేబుళ్ల మీద పరిచే గుడ్డలు, దిండు గలీబులు, అన్నీ ఏజెంటు పట్టుకెళ్లిపోయేవాడు. అమ్మ దగ్గర మిగిలిన దారంతో, కళ్ల దగ్గర, నోటి దగ్గర వదులుగా, మిగతా చోట దట్టంగా అల్లి, మైదా జిగురులో ముంచి ఒక చెంబు మీద ఆరబెట్టాను. ఆరాక నల్లరంగు పూశాను. అమ్మ దాన్ని చూసి చేతిలోకి తీసుకోలేదు.

"ఎవరి మొహానికమ్మా ఇది?" అంది.

సినిమాకి అన్నాను. దాన్ని ఇంట్లో పెట్టొద్దు, స్టూడియోలో పెట్టుకో అంది.

రెండోసారి వెళ్లినప్పుడు అతను మొదటిసారి ముసుగు తొడుక్కున్నాడు. తాళ్లు వెనక్కి లాగి నేనే కట్టాను. అతను తల ఎత్తి నా కేసి తిరిగాడు. అల్లిక సందుల్లోంచి కళ్లు ఉన్నట్టు తెలుస్తుంది, ఎటు చూస్తున్నాయో తెలియదు. వంగి నడిచే మనిషి నిటారుగా నిలబడ్డాడు. అన్నయ్య ఈల వేశాడు.

ఆ రోజు అతను నిజంగానే కొట్టాడు, కానీ మెల్లగా. ప్రతి షాటు అవగానే గబగబా ముసుగు పైకెత్తి "తగిలిందాండి?" అని అడిగేవాడు. అన్నయ్య లేదు లేదు, ఇంకొంచెం గట్టిగా అనేవాడు. ముసుగు దించుకునేవాడు. మళ్లీ "తగిలిందాండి?" టేపులో ఆ మాట పదిసార్లకి పైనే ఉంది. టీవీలో చూసుకుంటే మాత్రం ఈసారి ఎవరూ నవ్వలేదు.

మూడోసారి అతను అడగలేదు.

ఎప్పుడు మానేశాడో నేను సరిగా గమనించలేదు. తీస్తున్నాను, ఫోకస్ చూసుకుంటున్నాను, బ్యాటరీ చూసుకుంటున్నాను. భోజనాల వేళ అయింది. నేనూ అన్నయ్యా గడప దగ్గర కూర్చుని డబ్బా తెరిచాం. అతను లోపలే, తొట్టి పక్కన ముసుగుతోనే నిలబడి ఉన్నాడు. అన్నయ్య పిలిచాడు. పలకలేదు. మళ్లీ పిలిస్తే నెమ్మదిగా వచ్చి, ముసుగు తీసి, ఏమీ జరగనట్టు పెరుగన్నం తిన్నాడు. నేను నీళ్లకోసం వెనక్కి వెళ్తే తాత అక్కడ చుట్ట కాల్చుకుంటున్నాడు.

"ఆ బాబు అది పెట్టుకుంటే నాకు మాట్లాడబుద్ధి కావట్లేదమ్మా," అన్నాడు. "చిన్నప్పట్నుంచీ ఎరుగుదును. ఎదురొస్తే తాతా బాగున్నారా అనకుండా పోయేవోడు కాదు. ఇందాక పక్కనుంచే పోయాడు."

నటిస్తున్నాడు తాతా, అందులో లీనమైపోయాడు అని చెప్పాను. ఆయన చుట్ట కొన నేలకి రాసి ఆర్పాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నయ్య చొక్కా మార్చుకుంటుంటే చూశాను. ఎడమ పక్క, డొక్క కింద, అరచేయంత నల్లగా కమిలిపోయి ఉంది. ఇక చాలు, ఆపేద్దాం అన్నాను. వాడు నన్ను చేయి పట్టుకుని స్టూడియోలోకి తీసుకెళ్లి ఆ రోజు టేపు వేశాడు. ముసుగువాడు రేకు కన్నంలోంచి పడ్డ వెలుతురులోకి అడుగువేసి, చేయి వెనక్కి లాగి, గుద్దాడు. అన్నయ్య ఒళ్లు రెండుగా మడతపడింది. ఊపిరి పోయిన శబ్దం కూడా మైకులో పడింది.

"చూశావా?" అన్నాడు.

చూశాను. ఆపేద్దాం అన్న మాట నేను మళ్లీ అనలేదు. భయం వేసిన మాట నిజం. దాంతో పాటు, ఇంత బాగా తీసింది నేనే అన్న గర్వం కూడా లోపల ఉంది. ఏది ఎక్కువో అప్పుడు తూచి చూసుకోలేదు.

చివరి రోజు ఆదివారం. పొద్దున్నుంచీ ముసురు. రేకుల మీద చినుకులు పడుతుంటే లోపల ఎవరో దూరంగా బియ్యం చెరుగుతున్నట్టు శబ్దం. తాత మాకు తాళం తీసి, వానలో మా పని ఇప్పట్లో అవదని ఇంటికి అన్నానికి వెళ్లాడు. ఆయన వెళ్లగానే అన్నయ్య చెక్క మూతలెక్కాడు.

ఇక్కడే కావాలి అన్నాడు. ఆఖరి పోరాటం ఈ మూతల మీద, పొడుగ్గా, ఒకే షాటులో. ముసుగువాడు చివరివాడి గొంతు పట్టుకుని పడేస్తాడు. చివరివాడు కొంతసేపు కొట్టుకుంటాడు, తర్వాత కదలడు. ముసుగువాడు లేచి, కెమెరా కేసి తిరుగుతాడు. అయిపోయింది. నేను మూతల గురించి గుర్తుచేశాను. మధ్యలో చెక్క గట్టిగా ఉంది, చూసుకున్నాను అన్నాడు. తర్వాత నాకు ఒక్కొక్క మాట విడదీసి చెప్పాడు: "నేను కట్ అనేదాకా ఆపొద్దు. ఏం జరిగినా. మళ్లీ ఇలాంటిది చేయలేం."

అతను వింటూ నిలబడ్డాడు. ముసుగు అప్పటికే వేసుకుని ఉన్నాడు. ఆ రోజు తాళ్లు కట్టమని నన్ను అడగలేదు, తనే కట్టుకున్నాడు.

రికార్డు నొక్కాను. మొదట్లో వాళ్లు అనుకున్నట్టే చేశారు. ఒకళ్లచుట్టూ ఒకళ్లు తిరగడం, రెండు దెబ్బలు, ఒక తన్ను. చెక్కలు కిర్రుమంటున్నాయి. తర్వాత అతను రెండు చేతులతో అన్నయ్య గొంతు పట్టుకుని వెనక్కి వంచి పడుకోబెట్టేశాడు. తను మోకాళ్ల మీద కూర్చుని ముందుకి వాలాడు.

అన్నయ్య కాళ్లు కొట్టుకున్నాయి. కుడిచేయి చెక్కని మూడుసార్లు చరిచింది. కొంచెం ఆగి మళ్లీ రెండుసార్లు. ఎంత బాగా చేస్తున్నాడు అనుకున్నాను. ఆ మాట నాకు స్పష్టంగా గుర్తుంది. వేలు జూమ్ మీదికి వెళ్లింది. అన్నయ్య మొహం మెల్లమెల్లగా తెర నిండింది. నోరు తెరుచుకుని ఉంది. కళ్లు రేకుల కేసి చూస్తున్నాయి. తెలుపూ నలుపూ, అంతే. చేయి చెక్కమీద ఆగిపోయింది. కథలో ఉన్నది అదే కాబట్టి తీస్తూనే ఉన్నాను. కట్ అంటాడని ఎదురుచూశాను.

కట్ వినపడలేదు. పెదవి పక్కనుంచి చొంగ చెంప మీదికి కారింది. దాన్ని వాడు తుడుచుకోలేదు. అది ఎందుకో నాకు తేడాగా అనిపించింది. కెమెరా నుంచి కన్ను తీశాను.

రంగులో చూశాను. అన్నయ్య మొహం వంకాయ రంగులో ఉంది.

అరిచాను. అతను తిరగలేదు. పేరు పెట్టి అరిచాను. తిరగలేదు. కెమెరా నేలమీద పడేశానో దించానో తెలియదు, మూతల మీదికి పరిగెత్తి వెనకనుంచి ముసుగు పట్టుకుని లాగాను. అల్లిక చిరిగి నా చేతిలోకి వచ్చేసింది. అతని చెంప మీద నా గోళ్లు గీరుకున్నాయి. అప్పుడు తల తిప్పి నన్ను చూశాడు. నిద్రలోంచి లేపినవాడి చూపు అది. తన చేతుల కేసి చూసుకున్నాడు, వేళ్లు వదిలాడు, లేచి రెండడుగులు వెనక్కి వేశాడు. రెండో అడుగు కింద మూత విరిగింది.

నడుం దాకా మునిగాడు. లోపల ఇనప డబ్బాలు ఒకదానికొకటి తగిలి మోగాయి. అతను ఒక్కసారి కూడా అరవలేదు. నేను అన్నయ్య పక్కన కూలబడి తల ఎత్తుతున్నాను. వాడు దగ్గుతూ, కక్కుకుంటూ, ఊపిరి లోపలికి లాక్కుంటూ పక్కకి దొర్లాడు. మాట రావడంలేదు. నా చేతిని తోసేసి, చెక్కల మీద పొట్టతో పాకుతూ ఆ కన్నం దగ్గరికి వెళ్లి, అతని చంకల కింద చేతులు వేసి పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి పైకి లాగాం. కుడికాలు పిక్క దగ్గర తుప్పు అంచు చీల్చేసింది. వానకి ఆలస్యమయిందనుకుంటూ తాత అప్పుడే వచ్చాడు. పంచె కొన చింపి కట్టు కట్టింది ఆయనే.

అతన్ని ఆసుపత్రిలో చేర్చి, ఫ్యాక్టరీలో కాలు జారి పడ్డాడని అందరికీ చెప్పాం. అన్నయ్య మెడకి తువ్వాలు చుట్టుకుని జలుబు చేసిందన్నాడు. మూడు రోజులు ఎవరూ ఏమీ అడగలేదు. నాలుగోరోజు నాన్న కెమెరా తీసి చూస్తే లెన్సు పక్కన చిట్లి ఉంది. లోపల టేపు ఉంది. ఆయన దాన్ని వేసుకుని చూశారు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి స్టూడియో తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి. లోపల ఆయన ఒక్కరే. టీవీలో నేల అడ్డంగా కనపడుతోంది, నా ఏడుపు వినపడుతోంది. కింద పడ్డాక కూడా కెమెరా తీస్తూనే ఉంది మరి.

నాన్న టేపు ఆపారు.

"ఎందుకు ఆపలేదమ్మా?" అని అడిగారు.

ఆపొద్దని మీరే కదా చెప్పారు అని అనొచ్చు. అనలేదు. ఆయనకీ ఆ మాట తట్టిందేమో, నా మొహం చూడకుండా లేచి వెళ్లిపోయారు. ఆ సాయంత్రమే అన్నయ్యని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. గొంతు లోపల వాచింది, ఇంకొంచెం ఉంటే మనిషి మిగిలేవాడు కాదన్నాడట డాక్టరు. నాన్న ఆ విషయం అమ్మకి ఎప్పుడూ చెప్పలేదు. నన్ను పెళ్లిళ్లకి రమ్మనడం కూడా మెల్లగా తగ్గించేశారు.

టేపు చెరిపేస్తానని నాన్న అన్నయ్యతో చెప్పారు. అన్నయ్య ఆ మూడు రోజుల్లోనే కాపీ తీసుకుని టేపు మళ్లీ కెమెరాలో పెట్టేశాడు.

దాన్ని వాడు సినిమాలో వాడతాడని నేను అనుకోలేదు. గొంతు బొంగురు తగ్గకుండానే మిక్సింగ్ మెషీను ముందు కూర్చుని నెల రోజులు కష్టపడ్డాడు. కాలేజీ ఉత్సవంలో సెమినార్ హాల్లో వేస్తున్నారంటే నేనూ వెళ్లాను. హాలు నిండిపోయింది. అతనూ వచ్చాడు. వెనక వరసలో, గోడ పక్కన, కాలు చాపుకుని కూర్చున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక అన్నయ్యతో అతను మాట్లాడలేదని నాకు తెలుసు.

చివరి షాటు వచ్చింది. అన్నయ్య చేయి చెక్కని చరిచినప్పుడు కుర్రాళ్లు ఈలలు వేశారు. నా జూమ్ మొదలయ్యేసరికి హాలంతా నిశ్శబ్దం. మొహం తెర నిండాక, చేయి ఆగిపోయాక, చీకటి. చప్పట్లు ఆగలేదు. లేచి నిలబడి కొట్టారు. నేను వెనక్కి తిరిగి చూశాను. అతను గోడ పట్టుకుని లేచి, ఒక్కో అడుగు వేసుకుంటూ తలుపు దాటి వెళ్లిపోతున్నాడు.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం అతను మా స్టూడియోకి వచ్చాడు. నాన్న ఊళ్లో లేరు, అన్నయ్య కాలేజీలో ఉన్నాడు. అసలు టేపు ఉందాండి అని అడిగాడు. ఉందన్నాను. నాన్న దాన్ని చెరపలేదు, పాత ఆల్బమ్‌ల వెనక దాచారు. చూడాలి, ఒక్కసారి, కత్తిరించకుండా అన్నాడు.

వేశాను. ఇద్దరం స్టూళ్ల మీద కూర్చున్నాం. అతను తెర చూశాడు, నేను మెషీను మీద తిరిగే సెకన్ల అంకెలు చూశాను. అన్నయ్య చేయి మొదటిసారి చెక్కకి తగిలిన దగ్గర్నుంచి నేను అరిచేదాకా ముప్ఫయి ఎనిమిది. అది మా ఇద్దరిదీ. నేను కెమెరాతో, అతను చేతులతో.

టేపు అయిపోయాక అతను అన్నాడు: "కట్ అంటారని చూస్తున్నానండి నేను. అనట్లేదు కదా, ఇంకా కావాలేమో అనుకున్నాను."

నేనూ అలాగే అనుకున్నాను అన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు. "మీకు కనపడలేదు. నా చేతుల్లో ఉందండి ఆ గొంతు. మాట రాదని నాకు తెలిసిందేమో. తెలిసే పట్టుకున్నానేమో. అది తేల్చుకుందామనే వచ్చాను. చూసినా తేలలేదండి."

మంచినీళ్లు ఇచ్చాను. తాగి, గ్లాసు జాగ్రత్తగా బల్ల మధ్యలో పెట్టి, అమ్మగారిని అడిగానని చెప్పండి అని వెళ్లాడు. చెంప మీద నా గోళ్ల గీతలు అప్పటికి మానిపోయాయి. ఆ ఏడాది పరీక్షలకి అతను రాలేదు. చదువు మానేసి చెరువులు మళ్లీ తనే చూసుకుంటున్నాడని, తండ్రి పక్కనే గట్టుమీద కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడని, తర్వాత తాత ద్వారా తెలిసింది. మా ఇద్దరి మధ్యా ఉండవలసినదేదో ఉంటే, అది అక్కడితో సరి.

అన్నయ్య మళ్లీ సినిమా తీయలేదు. చదువు ముగించి విశాఖపట్నంలో ఉద్యోగంలో చేరాడు. ఏడేళ్లో ఎనిమిదేళ్లో గడిచాక, అవతలి ఒడ్డున చుట్టాలింటికి వెళ్లి ఇద్దరం పంటు మీద గోదావరి దాటి వస్తున్నాం. నిట్టనిలువు ఎండ. స్కూటర్ల మధ్య కమ్మీ పట్టుకుని నిలబడ్డాం. వాడు నీళ్ల కేసి చూస్తూ అడిగాడు.

"ఆ రోజు నేను చేత్తో కొట్టాను చూడు. నీకు కనపడిందా?"

"కనపడింది."

"మరి?"

"బాగా చేస్తున్నావనుకున్నాను," అన్నాను.

కనపడలేదని అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. పంటు ఇంజను చప్పుడులో వాడి మాట సగమే వినపడింది.

"టీవీలో చూసినప్పుడు నాకూ అలాగే అనిపించిందే. అది నేనే అని తెలిసి కూడా."

అతనికి ఎప్పుడైనా ఫోన్ చేశావా అని అడిగాను. రెండుసార్లు చేశాను అన్నాడు. రెండుసార్లూ అతను ఎత్తాడట. బాగున్నారా అని అడిగాడట, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగాడట. ఆ తర్వాత ఇద్దరికీ మాట దొరకలేదట.

పంటు ఒడ్డుకి తగిలింది. స్కూటర్లవాళ్లు ఇంజన్లు స్టార్ట్ చేశారు. వాడు నా చేతిలో సంచీ తీసుకుని ముందు నడిచాడు.